కానుగ చెట్టు కింద రోజూ ఏకాదశి

భీమసేనరావు సార్ లెక్కలో లోకంలో రెండే జాతుల మనుషులున్నారు: కానుగలు, మనీప్లాంట్లు. మూడో జాతి లేదు. పొద్దున్నే మెడలో ఈల వేలాడేసుకొని, బియ్యం కడిగిన నీళ్ల బక్కెట్టుతో కాంపౌండు మూలనున్న కానుగ చెట్టు దగ్గరికి పోతారు. "ఏమప్పా, బాగుండావా?" అని చెట్టును పలకరించి, దాని వెనక్కి వెళ్లి నీళ్లు పోసి వస్తారు. తర్వాత మేడమీది వరండాకేసి తలెత్తి గట్టిగా ఈల ఊదుతారు. అది అక్కడ సీసాలో పెరుగుతున్న మనీప్లాంటుకు.

"ఎన్నాళ్లు ఆ కిటికీ ఊచ పట్టుకొని ఏలాడతావు? నీ కాళ్ల మీద నువ్వు నిలబడు!"

సార్ ఆదోనిలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ ఈల వదల్లేదు. మాది ఎదురిల్లు కాబట్టి ఆ ఈలతోనే మాకు తెల్లవారుతుంది.

ఎవరైనా పొరపాటున ఆగి వింటే చాలు, సార్ మొదలుపెట్టేవారు. "కానుగను చూడప్పా. ఎండాకాలంలో మన ఆదోని బండలు పగులుతాంటే, అది కొత్త చిగురేసుకొని పెండ్లికి పోయేదాని మాదిరి నిలబడుతుంది. ఎవరినన్నా నీళ్లడిగిందా? ఎరువడిగిందా? మేకకు నీడ, ఆటోకు నీడ, గోడవతల నరసన్న టిఫిను బండికి నీడ. ఇంగ మనీప్లాంటు! ఎండ తగిలితే కమిలిపాయ, గాలి తగిలితే వాడిపాయ. పుట్టినప్పట్నుంచి దానిది ఒకటే ప్రశ్న. పట్టుకోను ఏముంది?"

ఒకసారి పెళ్లిలో అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకు చెవిలో, "నువ్వు కానుగవా, మనీప్లాంటువా?" అని అడిగారు. ఆ అబ్బాయి కంగారుపడి, "బీటెక్ సార్" అన్నాడు.

"మనీప్లాంటే" అని సార్ తేల్చేసి భోజనాలకు పోయారు.

ఈ సిద్ధాంతాన్ని ఖాతరు చేయనిది ఆయన భార్య ఇందిరాబాయి గారొక్కరే. "ఈయన మాటలు నమ్మొద్దమ్మా. తువ్వాలు యాడుందో తెలీదు, కళ్లజోడు యాడుందో తెలీదు. పెండ్లయినప్పట్నుంచి నన్ను పట్టుకొని పాకుతాండే మనీప్లాంటు ఈయనే" అనేవారు. సార్ వెంటనే ఈల ఊదేవారు. జవాబు తోచనప్పుడు ఆయన ఇచ్చే జవాబు అదే.

మేడమీద అద్దెకు దిగిన ఈరేష్‌ది సి.బెళగల్. బ్యాంకులో కొత్తగా చేరాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మూడు పూటలా బ్రెడ్డు తిని తలుపేసుకొనేవాడు. పైగా సీసాలో మనీప్లాంటు పెట్టిందీ అతనే. సార్ మొదటి రోజే అతన్ని చూసి, "అచ్చమైన జాతి! మొక్కకూ మనిషికీ తేడా లేదు" అని ప్రకటించారు. శిక్ష కూడా వెంటనే వేశారు. రోజూ పొద్దున నరసన్న బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించి తేవాలి.

వీధికంతటికీ వింతగా తోచింది. ఉగ్గానికి బొరుగులు ఎంత ముఖ్యమో ఉల్లిపాయలూ అంతే ముఖ్యమని నరసన్న నమ్మకం. సార్‌కేమో పక్కింటి ఉల్లిపాయ వాసన తగిలినా ఇంకో స్నానం తప్పదు.

ఈరేష్ పొట్లం తెచ్చి నిలబడ్డాడు. "సార్, ఉగ్గాని."

"అయ్యో, ఈపొద్దు ఏకాదశి కదప్పా! నాకు ఉపవాసం. అన్నం పారేస్తే పాపం. నరసన్న బల్ల మీదనే కూర్చొని తినేసిపో."

మరునాడు మళ్లీ పొట్లం తెచ్చాడు. "ఈపొద్దు కూడా ఏకాదశే."

"నిన్న కదా సార్ ఏకాదశి?"

"నిన్నటిది స్మార్తులది. ఈపొద్దుది మాది."

మూడో రోజు, "ఇది ముందటి రెండూ మరిచిపోయినోళ్లది" అన్నారు. అలా సార్ పంచాంగంలో నెలకు ముప్పై ఏకాదశులు వచ్చాయి. ఈరేష్ నరసన్న బల్ల మీద కూర్చొని తినడం, బజ్జీ కారానికి ముక్కు తుడుచుకోవడం, ఆ తర్వాత అక్కడివాళ్లతో క్రికెట్టు గురించి తగవులాడటం మా కళ్లముందే జరిగిపోయాయి. వానాకాలంలో అతనికి జ్వరం ముదిరితే నరసన్న బండి మూసేసి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి, మంచం పక్కనే ఉన్నాడు. సార్ మాత్రం, "చూసినారా? మనీప్లాంటు కాబట్టే జ్వరమొచ్చింది" అన్నారు. మాకందరికీ ఆయన మీద కోపం వచ్చింది.

నా సంగతి సార్ ఏనాడో తేల్చేశారు. బడిలో ప్రార్థన చదవమంటే అమ్మ కొంగు వెనక్కి పోయిన దగ్గర్నుంచి నన్ను పల్లవి అని ఆయన పిలిచింది లేదు, మనీప్లాంటనే. ఎమ్మే పూర్తయినా గొంతు మాత్రం ఆ కొంగు వెనకే ఉండిపోయింది. రెండు కాలేజీల్లో డెమో క్లాసుకని బోర్డు ముందు నిలబడి, రెండు చోట్లా తేదీ మాత్రం రాసి వచ్చేశాను. మూడోది ఎమ్మిగనూరులో. ఇదీ పోతే ఇక పాఠాలు చెప్పే ఉద్యోగం మాటెత్తనని ఇంట్లో చెప్పేశాను. అమ్మ ముఖం చూడలేక పుస్తకం చూస్తూ చెప్పాను.

ఆ పొద్దున గేటు దాటగానే ఈల మోగింది. "యాడికే మనీప్లాంటూ?"

"ఎమ్మిగనూరుకు సార్. డెమో క్లాసుంది."

"మంచిదాయ. మన ఉచ్చీరమ్మకు కూడా ఆడ పనుందంట. పాపం, ఒంటరిగా పోలేదు. జాగ్రత్తగా తీసుకొనిపో."

ఉచ్చీరమ్మ మా వీధికి ఆకుకూరలు తెస్తుంది. ఆమె "సుక్కకూరా!" అని ఇక్కడ కేకేస్తే కౌతాళంలో పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు. సార్ లెక్కలో ఊరిలోకెల్లా పెద్ద కానుగ. అంతటి మనిషిని నేను జాగ్రత్తగా తీసుకొనిపోవడమేమిటని అడగాలనిపించింది. అడిగే అలవాటు ఎటూ లేదు కదా.

బస్సులో కిటికీ పక్క సీటు ఆమే పట్టింది. టిక్కెట్లూ ఆమే తీసింది. నన్ను తోసిన ఒకాయనకు గోనెగండ్ల ఊరిదాకా వినపడేటట్టు బుద్ధి చెప్పిందీ ఆమే. కాలేజీ గేటు దగ్గర, "ఇంక మీ పని చూసుకోండమ్మా" అన్నాను. "సూసుకుంటా లేమ్మా" అని నా వెనకే వచ్చి, గంపతో సహా ఆఖరి బెంచీలో కూర్చుంది.

ముందు వరుసలో ప్రిన్సిపాల్ అనురాధ మేడమ్, చుట్టూ అమ్మాయిలు. పాఠం సామెతలు. బోర్డు మీద తేదీ రాశాను. 'ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టను తావు లేదు' అని కూడా రాశాను. అమ్మాయిలవైపు తిరిగాను. ఏదో గొణిగాను.

"పాపా, ఇనపడల్యా!" ఆఖరి బెంచీలోంచి ఉచ్చీరమ్మ. "సుక్కకూర అమ్మినట్ల గెట్టిగ సెప్పు!"

అమ్మాయిలు గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే గొంతు బయటపడింది.

"అమ్మా, మీకు ఊరినిండా చుట్టాలున్నారా?"

"ల్యాకేం? సందుకొకరు ఉండారు."

"మరి మీ గంప దింపేకి ఎవరొస్తారు?"

"దింపేకి ఒగరూ రారు. కట్ట ఊరికే ఇయ్యమనేకి అందరూ వస్తారు!"

"అదే ఈ సామెత" అన్నాను అమ్మాయిలతో. ఇక ఆగలేదు. ఒకమ్మాయి వాళ్ల అవ్వ సామెత చెప్పింది, ఇంకొకమ్మాయి దానికి పోటీ సామెత చెప్పింది, గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

అనురాధ మేడమ్ నవ్వు ఆపుకుంటూ వెనక్కి తిరిగారు. "మీరెవరమ్మా?"

"నేనా? కానుగ సెట్టు మేడమ్మా" అంది ఉచ్చీరమ్మ.

సోమవారం నుంచి రమ్మని మేడమ్ అక్కడే చెప్పేశారు. తిరుగు బస్సులో అడిగాను. "మీకేదో పనుందన్నారు కదా, అయిందా?"

"అయిందిగా. నువ్వు మాట్లాడితివి కదా."

"అదేంటి?"

"రావుసారు సెప్పినాడు పాపా. 'మా మనీప్లాంటు పోతాంది ఉచ్చీరమ్మా. సానా మంచి మొక్క. పట్టుకోను ఏమన్నా ఉంటే యాడికైనా ఎక్కుతాది. నువ్వు పోయి ఊరికే పక్కన నిలబడు' అన్యాడు. నాకు కాళ్లనొప్పులు కదా, అందుకని కూసున్యా."

నాకు నరసన్న బల్ల గుర్తొచ్చింది. ఆ ఏకాదశులన్నీ వరసగా గుర్తొచ్చాయి.

బస్సు దిగి నేరుగా సార్ ఇంటికే పోయాను. విషయం చెప్పి, "సార్, నిజం చెప్పండి. ఈపొద్దు ఏకాదశేనా?" అని అడిగాను.

సార్ ముఖం ఎర్రబడింది. ఈల ఊదారు.

ఇందిరాబాయి గారు నా చెయ్యి పట్టుకొని కానుగ చెట్టు వెనక్కి తీసుకుపోయారు. గోడకూ మానుకూ మధ్య వీధికి కనబడని చోట, మొదట్లోంచి పైకొమ్మ దాకా మనీప్లాంటు పాకింది. సీసాలో తమలపాకంత ఉండే ఆకు ఇక్కడ చేటంత ఉంది.

"ఎప్పుడో అద్దెకున్నోళ్లు పారేసిపోయిన తీగమ్మా. ఈయనే తెచ్చి నాటినారు. ఎవరికన్నా చెబితే పరువు పోతుందని నన్నూ చెప్పనియ్యలేదు."

కానుగ ఎవరినీ నీళ్లడగదని ఇన్నేళ్లూ ఆయనే చెబుతుంటే, మరి రోజూ ఆ బక్కెట్టు ఎవరికని మా వీధిలో ఒక్కరికీ తోచలేదు.

"అది దానంతటదే ఎక్కింది" అన్నారు సార్, ఎటో చూస్తూ. "కానుగ ఏమీ అనలేదు. మధ్యలో నేనెవరు?"

ఇప్పుడు నేను రోజూ ఎమ్మిగనూరుకు పోయి వస్తున్నాను. ఈరేష్‌కు బదిలీ అయినా ఆదివారాలు ఉగ్గానికి వస్తాడు. మేడమీద పద్మ అనే నర్సు దిగింది. కొత్త ఊరు, ఎవరితోనూ మాట్లాడదు. సార్ ఆమెను చూసి ఈల ఊది, "మనీప్లాంటు!" అన్నారు. డెబ్బై రెండేళ్ల వయసులో భీమసేనరావు సార్‌కు మళ్లీ రోజూ ఏకాదశి.