ముప్పై మూడో పూస

మా నాన్నకు నాన్న, దాదా నన్నే సాహెబ్ చిటికెన వేలు ఎత్తితే చాలు, యుద్ధ విమానం కూడా గాల్లో టక్కున నిలబడి సలాం చేస్తుంది. ఇందులో సగం అబద్ధమని దాదీ అంటుంది. పెళ్లయి నలభై ఏళ్లయినా ఆ సగమేదో ఆమెకింకా తేలలేదు.

బంగారుపాళ్యంలో, హైవే పక్కన ఆయనది మోటార్ వైండింగ్ షాపు. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల మోటార్లు, మిగతా ఏడాదంతా బోరు మోటార్లు గుమ్మం ముందు శవాల్లా వరుసగా పడి ఉంటాయి. వాటి పొట్టలు విప్పి, మాడిన తీగ పీకి, కొత్త రాగి తీగ చుట్టి ప్రాణం పోస్తాడు. షాపు గోడకు పనికోసమే ఒక తస్బీ వేలాడుతుంటుంది. ముప్పై మూడు పూసల జపమాల అది. కుడిచేత్తో తీగ చుట్టే హ్యాండిల్ తిప్పుతూ, చుట్టుకొక పూస ఎడమచేత్తో జరుపుతాడు. మాల మూడుసార్లు తిరిగితే తొంభై తొమ్మిది చుట్లు. ఒక కాయిల్ అయినట్టు.

పోయిన ఏడు సూళ్లూరుపేట వైపు నుంచి మహిత అనే ఇంజినీరమ్మాయి ఒక జనరేటర్ తెచ్చింది. యుద్ధ విమానాల కోసం ఒక కొత్త ఇంజన్ని అక్కడి షెడ్డులో పరీక్షిస్తున్నారట. విమానం ఎగబాకేటప్పుడు ఒక తీరుగా, తిన్నగా పోయేటప్పుడు ఇంకో తీరుగా గాలి పీల్చుకుంటుందట. దాని షాఫ్టు, అంటే ఇరుసు, తిరిగే బలంలోంచే విమానానికి కావాల్సిన కరెంటును ఈ జనరేటర్ లాగాలి. దానిది కొత్త ఆకారం కాబట్టి చుట్టడానికి ఫ్యాక్టరీ మిషన్ లేదు, చెయ్యే గతి.

"లాగేటప్పుడు తేడా వస్తే ఏమవుతాది మా?" అనడిగాడు దాదా.

"ఘాట్ ఎక్కే బస్సును ఎనకనుంచి తాడేసి లాగినట్టే తాతా. ఇంజన్‌కు ఊపిరాడదు. పీల్చే నోట్లోంచే నిప్పు కక్కుతాది."

"అదే గాల్లో అయితే?"

"లోపల మనిషి ఉంటాడు గదా," అంది మహిత.

ఆ రోజునుంచి దాదాకు అన్నం సహించలేదు. పన్నెండు కాయిళ్లూ చుట్టి పంపాడు గానీ, ఎవరో ముఖం తెలియని పిల్లోడు ఆ తీగల మీద కూర్చుని ఆకాశంలోకి పోతున్నట్టే ఉండేది ఆయనకు.

పరీక్ష రోజు చుట్టిన మనిషి దగ్గరుండాలని ఆయన్నూ తీసుకుపోయారు. ధైర్యానికి ఆ తస్బీని జేబులో వేసుకున్నాడు. మందపాటి అద్దానికి అవతల ఇంజన్ మొదలైంది. కుర్చీ వణికింది, బల్లమీది టీ గ్లాసు వణికింది, దాదా దవడ వణికింది. అక్కడి పెద్ద ఇంజినీరు ధనంజయ చెయ్యి ఊపినప్పుడల్లా మహిత లోడ్, అంటే లాగే కరెంటు, కొంచెం పెంచుతోంది.

దాదా కళ్లు మూసుకుని, ఒక్కో పూసకు ఒక్కో దువా చదివాడు. ముప్పై రెండుకే ముడి తగిలింది.

మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై రెండే.

ఆరు కాయిళ్లయ్యాక దారం తెగి, పూసలు షాపంతా దొర్లడం గుర్తొచ్చింది. ఏరి గుచ్చి ఇచ్చింది నేనే. హడావిడిలో ఆయన లెక్క చూసుకోలేదు. అంటే తర్వాతి ఆరు కాయిళ్లకూ మూడేసి చుట్లు తక్కువ. జనరేటర్‌కు ఒక పక్క బలం, ఒక పక్క నీరసం. చెబితే నలభై ఏళ్ల పేరు ఇంతమందిలో పోతుంది. చెప్పకపోతే…

ఇంజన్ గొంతు మారింది. అప్పటిదాకా ఈల, ఇప్పుడు గురగుర.

అరిచాడు. చెవులకు మూతలు పెట్టుకున్నవాళ్లకు ఏం వినపడుతుంది? లేచిపోయి మహిత మణికట్టు పట్టుకున్నాడు.

ఆమె చెవి మూత లాగింది. "ఏమైంది తాతా?"

"పూస తక్కువుండాది! ఆపు మా, నీకు దండం పెడతా, ఆపు!"

"ముసలాయనకు భయం పట్టింది, బయట కూర్చోబెట్టు," అన్నాడు ధనంజయ.

మహిత మాత్రం ఆయన చేతిలోని తస్బీని చూసింది. షాపులో ఆయన పూస జరపడం ఆమె కళ్లారా చూసిందే. లోడ్ దించేసింది. ఇంజన్ చల్లారాక జనరేటర్ విప్పితే గుప్పున తీగమీది వార్నిష్ మాడిన వాసన. ఏడో కాయిల్ నల్లబడి ఉంది.

ధనంజయ వంగి ఆ కాయిల్‌ను వేలితో గీకి చూశాడు. "మీటర్లో కొంచెం తేడా కనిపించింది. చేతిపని గదా, అంత ఉంటాదిలే అనుకున్నాం. ఇంకో పది నిమిషాలు నడిపింటే ఈ అద్దం కూడా…" అని ఆపేశాడు. దాదా అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

పేరు పోలేదు. పన్నెండు కాయిళ్లూ మళ్లీ ఆయన చేతనే చుట్టించారు. రెండోసారి పూస జరిపేటప్పుడు పైకి లెక్కపెట్టేవాడు.

ఇదంతా రాసి దాదాకు చదివి వినిపించాను. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఆయన కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు.

"విమానం సలాం చేసేది తర్వాత సూద్దాం. నా పూస యాడ పారేసినావే? ముందు అది ఎతుకు, పో."