బీరువా వెనక పలక

పదకొండేళ్లపాటు ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు మేమిద్దరం జపాన్‌లో ఒక మ్యూజియంకు వెళ్లేవాళ్లం. అది నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో, గోడవైపు రెండో బల్ల మీద ఉండేది. ఆ బల్ల ఖాళీగా లేని రోజు మ్యూజియం కాస్త ఆలస్యంగా తెరిచేవారు.

ఇద్దరం అంటే నేను, ఒక డ్రాయింగ్ సారు. నేను సిర్గాపూర్ వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆయనది నాగల్‌గిద్ద దగ్గర కర్ణాటకకు ఆనుకున్న ఊరు. అక్కడివాళ్ల అలవాటు ప్రకారం ఆయనకు అవునని చెప్పాల్సి వస్తే తెలుగు గుర్తుకు రాదు, ‘హౌదు’ అంటాడు. కాదని చెప్పాల్సిన అవసరం ఆయనకు పెద్దగా పడలేదు. నెమ్మదస్తుడు.

మ్యూజియంను ఆయనే కనిపెట్టాడు. బడి గోడకు అంటించడానికి బొమ్మలేమైనా దొరుకుతాయని కబాడీ దుకాణంలో పాత పుస్తకాలు తిరగేస్తుంటే, అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. జపాన్ వాళ్ల సంప్రదాయ కళలు, చేతిపనులు దాచి ఉంచిన ఒక మ్యూజియం గురించిన పుస్తకం. నిండా రంగుల ఫోటోలు. లక్క పూసిన గిన్నెలు, నీలిమందు అద్దిన బట్టలు, వెదురు బుట్టలు, రైతులు వానకు కప్పుకునే గడ్డి కోట్లు. కత్తిరించడానికి కత్తెర తీశాడట. చేయి రాలేదట. ఇంగ్లీషు చదివి చెప్పమని నా దగ్గరికి తెచ్చాడు. నాకు ఇంగ్లీషు వచ్చని జిల్లాలో ఆయనొక్కడే నమ్మేవాడు.

అలా మొదలైంది. వారానికి ఒక గది. ఒక వారం ఆయన గైడు, నేను సందర్శకుణ్ని. మరుసటి వారం నేను గైడు. సందర్శకుడు ఏ ప్రశ్నయినా అడగవచ్చు, గైడు తెలియదని అనకూడదు. ఈ ఒక్క నియమాన్నీ ఆయన పదకొండేళ్లు పాటించలేదు. "ఈ బుట్ట అల్లినాయన పెండ్లాం పేరేంది సార్?" అని నేనడిగితే, ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, "గా సంగతి దీంట్ల లేదు సార్" అనేవాడు. ఆయన డ్రాయింగ్ టీచరు కదా, ఉన్నది ఉన్నట్టు దించడమే తెలుసు. నేను సోషల్ టీచర్ని. లేని సామ్రాజ్యాల సరిహద్దులు గీయించి మార్కులు వేసినవాణ్ని. నా వంతు వచ్చినప్పుడు ప్రతి గిన్నె వెనకా ఒక రాజుగానీ దొంగగానీ ఉండేవాడు. మధ్యలో ఆయన చేయి అడ్డం పెట్టి, "ఝూట్ సార్, గిది పక్కా ఝూట్" అనేవాడు. నేను నిరూపించమనేవాణ్ని. ఆయన నిరూపించలేకపోయేవాడు. ఆ వాదన కోసమే నేను ఆదివారం దాకా బతికి ఉండేవాణ్ని అంటే అతిశయోక్తి అవుతుంది కాబట్టి, ఆ వాదన నాకు నచ్చేది అని మాత్రం రాస్తాను.

హోటల్ సేటు మమ్మల్ని చూడగానే కేకేసేవాడు. "ఏం సార్లూ, ఇయ్యాల జపాన్ల ఎండనా, వాననా?"

"వాన, సేట్. రెండు చాయ్ గట్టిగ పంపు."

ఒకసారి వానాకాలంలో, నిజంగానే వాన పడుతున్నప్పుడు, డ్రాయింగ్ సారు పుస్తకం మూసి అన్నాడు. "ఏనాడన్న పోతె ఇద్దరం పోవాలె సార్. ఒక్కడు పోయిండంటె అది పోయినట్టె కాదు." నేను సరేనన్నాను. ఆ మాట అన్నది ఆయనే అని ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను, వేరే కారణం ఏమీ లేదు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆయన పది రోజుల మౌనధ్యాన శిబిరానికి పోతున్నానని చెప్పాడు. అక్కడ మాట్లాడనివ్వరట, ఫోన్లు తీసి పెట్టుకుంటారట. నేను మెచ్చుకున్నాను. నా బండి మీదే బస్టాండుకు తీసుకుపోయాను. ఆయన వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకున్న సూట్‌కేసు నా వీపులో గుచ్చుకుంటూ వచ్చింది.

"మౌనానికి గింత సామానా?" అన్నాను.

"ధ్యానం హాల్ల ఏసీ బాగ పెడ్తరట సార్. చద్దర్లు పెట్టుకున్న."

పాపం ఆయనకు నడుము నొప్పి. సూట్‌కేసు బస్సులోకి నేనే ఎక్కించాను. పై అరలో పట్టకపోతే, కండక్టర్‌ను బతిమాలి డ్రైవర్ వెనక పెట్టించాను. బస్సు కదిలేటప్పుడు ఆయన కిటికీలోంచి ఏదో అనబోయి ఆగాడు. మౌనం అప్పుడే మొదలుపెట్టాడనుకున్నాను.

మధ్యలో వచ్చిన ఆదివారం నేనొక్కణ్నే హోటల్‌కు పోయాను. పుస్తకం నా దగ్గరే ఉంది. తెరవలేదు. ఆయన లేకుండా తెరవడం ధర్మం కాదనిపించింది. పేపర్‌లో జొన్నల ధర దాకా చదివి ఇంటికి వచ్చాను.

తిరిగొచ్చాక ఆయన ముఖం చూసి ఆశ్చర్యపోయాను. కళ్లు సగం మూతలు, మాట నిదానం, లోకం మీద ఆశ లేనట్టు ఒక చూపు. ధ్యానం పది రోజుల్లో మనిషిని ఇంత మారుస్తుందా అనుకుని, నేనూ ఒకసారి పోవాలని ఇంట్లో చెప్పాను కూడా. అది విమానంలో పోయిన నిద్ర అని నాకేం తెలుసు.

బడులు తెరిచిన తర్వాత వచ్చిన ఆదివారం గైడు వంతు ఆయనది. ఆ వారం గది చెక్కపని. అందులో నడుమ ఒక బట్టల బీరువా ఉంటుంది. ముందంతా నున్నటి కట్టె, మూలలకు నల్లటి ఇనప పట్టీలు. ఫోటోలో ముందు భాగమే కనిపిస్తుంది. ఆయన పట్టీలు లెక్కపెట్టి చెప్పాడు, సొరుగులు లెక్కపెట్టి చెప్పాడు. ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాడు. నేను మిర్చి బజ్జీ నములుతూ, ఊరికే అడిగాను.

"ఎనక ఎట్లుంటది సార్?"

"ఎనక పలక వేరే సార్," అన్నాడు ఆయన, పుస్తకం వైపు చూడకుండానే. "ముంగట గింత మంచి కట్టె పెట్టి, ఎనకకు ఏదో పాత డబ్బా పలక కొట్టిండు. పాత మొలల తూట్లు అట్లనే ఉన్నయి. రెండు తూట్లు. ఒక్కదాంట్ల మైనం నింపిండు, ఇంకోటి ఇడిసిపెట్టిండు. జర వంగి చూడాలె, లేకుంటె నీడ వడ్తది."

నేను బల్ల మీద చరిచాను. "శెభాష్! పదకొండేండ్లకు ఒక్క ఝూట్ ఆడినవ్ సార్! సేట్, సార్‌కు ఇంకో చాయ్!"

ఆయన నవ్వలేదు. గ్లాసులోకి చూశాడు.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అబద్ధాల్లో నాకు కొంత అనుభవం ఉంది. అబద్ధమాడేవాడు బీరువా వెనక రహస్య సొరుగు పెడతాడు, కత్తిగాటు పెడతాడు, మరీ చేతకాకపోతే ఒక దయ్యాన్ని పెడతాడు. రెండు మొలల తూట్లు పెట్టి, ఒకదాంట్లో మైనం నింపి, రెండోది వదిలెయ్యడు. అంత రుచిలేని సంగతి కల్పించాలంటే గొప్ప ప్రతిభ కావాలి. లేదా చూసి ఉండాలి.

"ఎప్పుడు పోయినవ్?" అన్నాను.

"ఏడికి సార్?"

"మౌనానికి."

బీదర్ బస్సు వచ్చి, దిగేవాళ్లు దిగి, ఎక్కేవాళ్లు ఎక్కి, వెళ్లిపోయింది.

"హౌదు సార్," అన్నాడు. "పోయిన."

చేతిపనులు నేర్పే టీచర్లను ఏదో సంస్థవాళ్లు జపాన్ తీసుకుపోయారట. బడులు చూపించారు, వర్క్‌షాపులు చూపించారు. ఒక ఆదివారం సెలవు ఇచ్చారు. మిగతావాళ్లు బజారుకు పోతే, ఈయన రైలెక్కి మన మ్యూజియంకు పోయాడు. నేను ఆయన కోసం పుస్తకం తెరవకుండా కూర్చున్న ఆదివారమే అది. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు; ఇది పిల్లలకు నేనే చెబుతాను. ఇక్కడ నేను జొన్నల ధర చదువుతుంటే, అక్కడ ఆయన మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు వంగి మొలల తూట్లు చూస్తున్నాడన్నమాట.

"నీ ఒక్కనికే వచ్చిందా ఛాన్స్?"

ఆయన అబద్ధం చెప్పి ఉండవచ్చు. అక్కడ చెప్పి ఉంటే నాకు బాగుండేది.

"ఫారంల ఒక గడి ఉండె సార్. మీతోటి ఇంకో టీచర్‌ను సిఫారసు చేస్తరా అని."

"ఏం రాసినవ్?"

"ఏం రాయలె. గీత కొట్టిన."

"గీత."

"ఒక్క తాలూకాకెల్లి ఇద్దరంటె ఇద్దరినీ కొట్టేస్తరేమో అనుకున్న సార్."

"కొట్టేస్తె కొట్టేద్దురు. ఇద్దరం ఈన్నే ఉందుము."

ఆయన బల్ల మీది చాయ్ మరకను వేలితో తుడిచాడు. "మరి చెప్పి పోవద్దా? సూట్‌కేసు నా తోటి మోపిస్తివి" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను. కుదరలేదు.

"చెప్తె నవ్వుకుంట పో అంటవ్ సార్. నీ సంగతి నాకెరుకలేదా? గా నవ్వు చూసినంక నేను పోయేటోన్ని గాదు." జేబులోంచి ఫోను తీశాడు. "ఫోటోలన్ని నీ కోసమే తీసిన. చూపియ్యనా?"

"వద్దు."

తర్వాత రెండు ఆదివారాలు నేను హోటల్‌కు పోలేదు. మొదటి వారం కల్హేర్‌లో ఒక పెళ్లికి పోయాను. ఎవరి పెళ్లో భోజనాల దాకా తెలియలేదు. రెండో వారం జ్వరమని చెప్పాను. ఇంట్లో థర్మామీటర్ తెచ్చారు, ఉన్న జ్వరం అంతా నోటిదే అని తేలింది. మూడో వారం సేటు బజార్లో నన్ను ఆపాడు. "ఏం సార్, జపాన్ బంద్ వెట్టిన్రా? గా సార్ ఒక్కడే వచ్చి కూసుంటుండు. చాయ్ చల్లారిపోతుంది గాని తాగుతలేడు. ఏందో గని జల్దీ తేల్చుకోన్రి, బల్ల ఖరాబైతుంది నాకు."

పోయాను. నా వంతు. నీలి బట్టల గది.

"ఈ గదిలకు రాంగనే," అని మొదలుపెట్టాను, "ముందుగాల వాసనొస్తది. నీలిమందు వాసన. గీ పెద్ద బట్ట ఉన్నది చూడు, ఇది ఒక సముద్రపు దొంగ పెండ్లి బట్ట."

ఆయన తలూపాడు.

నేను ఆగాను. ఆయన చేయి అడ్డం పెట్టాల్సిన చోటు అది. పెట్టలేదు. "పెండ్లినాడె వాన్ని పట్టుకపోయిన్రు," అన్నాను. తలూపాడు. "గప్పటిసంది ఆ బట్ట ప్రతి వానాకాలం దానంతటదే తడుస్తది." దానికీ తలూపాడు. పిల్లవాడు ఎక్కాలు తప్పు చదువుతుంటే, ఇన్‌స్పెక్టర్ ముందు పరువు పోకూడదని టీచరు తలూపినట్టు.

అప్పటిదాకా అబద్ధాలు నేను ధైర్యంగా ఆడేవాణ్ని. ఎందుకంటే ఇద్దరికీ తెలియదు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్న మనిషి ఆ గదిలో నిలబడి వచ్చాడు. నేను పలికే ప్రతి మాటకూ ఆయన దగ్గర జవాబు పత్రం ఉంది. దాన్ని మర్యాదగా బల్ల కింద దాచుకుని కూర్చున్నాడు.

"పైన చూడు సార్," అన్నాను. "కప్పుకు పంజరాలు కట్టిన్రు. పంజరాలల్ల చిలుకలు. వచ్చినోళ్లకు ఒక్కొక్క బట్ట పేరు చెప్తయి."

తలూపాడు.

"ఉన్నయా చిలుకలు?"

ఆయన నా ముఖం చూసి, పక్కకు చూసి, మెల్లగా అన్నాడు. "ఉన్నయి సార్."

బుట్ట అల్లినాయన పెళ్లాం పేరు కూడా కల్పించి చెప్పనివాడు, నా కోసం జపాన్‌లో చిలుకలు ఉన్నాయన్నాడు. ఫారంలో గీత కొట్టినందుకంటే ఈ చిలుకలకే నాకు ఎక్కువ బాధ కలిగింది. పుస్తకం మూసేశాను.

"నిజం చెప్పు. ఎట్లుండె?"

"చిన్నగుండె సార్," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఊపిరి వదిలినట్టు. "మనది పెద్దది. ఆడ ఐదే గదులు. గీ నీలిబట్ట లేనే లేదు, తీసి లోపల వెట్టిన్రట. ఒక మూలకు బెంచి. ఇద్దరు ముసలోళ్లు కూసోని మెల్లగ ముచ్చట వెడ్తున్రు. నడిచే దారి మీద గీత గీసిన్రు, దాటొద్దని. అర్ధగంటల అయిపోయింది. ఇగ ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు. బీరువా ఎనక్కు పోయి నిలవడ్డ. నువ్వుంటె ఏమంటుంటివో అనుకుంట."

వింటూ కూర్చున్నాను. ఒక్క ప్రశ్న కూడా అడగకూడదని అనుకున్నాను. "వాసనొస్తదా?" అని అడిగాను.

"నేల తుడిచే మందు వాసన సార్. మన దవాఖానల తీరు."

అది నిజంగా అంత చిన్నదో, నన్ను చూసి అప్పటికప్పుడు చిన్నది చేశాడో నాకు తెలియదు. చిలుకలు ఉన్నాయన్న నోటితోనే గదులు ఐదన్నాడు. ఇంతకుముందైతే ఆయన మాట మీద అనుమానమే వచ్చేది కాదు. ఫోటోలు చూస్తే తేలిపోతుంది. చూడలేదు.

నేను మళ్లీ చాయ్ గ్లాసు అందుకునేసరికి ఆయన ముఖం కాస్త తేటపడింది. నేను సర్దుకున్నానని అనుకున్నట్టున్నాడు. బల్ల మీదికి వంగాడు.

"మళ్ల పోదాం సార్. ఇద్దరం. ఈపారి పరేషాన్ లేదు, నాకు దారి ఎరుకైంది గద. నేనే దగ్గరుండి చూపిస్త."

ఆయన ఎంతో ప్రేమగా అన్నాడు. ఇక మీద గైడు వంతు ఎప్పుడూ ఆయనదే అన్నమాట. నేను సరేనన్నాను. మిర్చి కట్టిచ్చిన పేపర్ ముక్కను సాపు చేసి, జేబులోంచి పెన్సిల్ తీసి, ఆయన స్టేషన్ గీశాడు. స్టేషన్ ముందు వంతెన, వంతెన దిగాక పూల దుకాణం, దాని పక్కన సందు, సందు చివర గేటు. నూనె మరకలను తప్పిస్తూ, ఒక్కసారి కూడా పెన్సిల్ ఎత్తకుండా గీశాడు. గీత ఎక్కడా తడబడలేదు.