సముద్రపొడ్డున ఒడిబియ్యం

విశ్రాంతి కోసం బయలుదేరి నడుము విరగ్గొట్టుకొచ్చిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే, నన్ను చూడండి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో ఉన్న నాలుకే నాకు ఆ మందు తెచ్చిపెట్టింది. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు నాకు నవ్వే ఓపిక కూడా మిగల్లేదు.

కొన్నేళ్ల కిందటి మాట. మానుకోటలో మా కాపురం. మా ఆయన అక్క సుగుణ వదినెకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడాది వచ్చింది. తెలియనివాళ్లకు చెబుతున్నాను: పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఒడిలో పోసి, చుట్టాలందరికీ భోజనం పెట్టి పంపే ముచ్చట అది. ముచ్చట వాళ్లది, భోజనాలు నావి.

వదినెది మా మానుకోట పక్క గూడూరు దగ్గర పల్లె. బర్రెల పాడి. బర్రెలకు పేర్లు పెట్టి ముద్దుగా పిలిచే వదినె, నాతో మాట్లాడటం మాత్రం అప్పటికి మానేసింది. మా గృహప్రవేశంలో పెట్టిన చీర రంగు బాగాలేదని ఆమె అంటే నేను పెద్దగా ఏమీ అనలేదు. నచ్చకపోతే బర్రెకు కప్పుకోమన్నాను, అంతే. అప్పటినుంచి ఆమె మా ఇంటికి రాలేదు.

అందుకే మా ఆయన ముందే బతిమాలాడు. "ఈసారి గూడ అక్క మనసు నొచ్చుకుంటే మల్ల మన గడప ఎక్కది. నాకున్నది ఒక్క అక్క. జర నోరు కట్టేస్కో."

నోరు కట్టేసుకున్నాను. బుర్రను కూడా కట్టేసుకోమని ఆయన చెప్పలేదు.

ఆ ఏడాదంతా పెళ్లిళ్లు, పురుళ్లు, దినాలు. గరిటె నా చేతికి ఆరో వేలైపోయింది. మళ్లీ ఊరందరికీ వండటమా అని ఏడుపొస్తున్న సమయంలో ఫోనులో ఒక బొమ్మ కనబడింది. బాపట్ల అవతల సముద్రపొడ్డున కుటీరాలు, రెండు చెట్ల మధ్య వలఊయల, అందులో చెప్పులు విప్పేసి పడుకున్న ఒక ఆడమనిషి. వానాకాలం కాబట్టి జనం ఉండరట. భోజనం వీగన్, అంటే నీసు సరే, పాలు, పెరుగు, నెయ్యి కూడా ఉండవట. ఇవేవీ నాకు కనబడలేదు. ఆ ఊయల ఒక్కటే కనబడింది.

మా ఆయనతో వాదించి గెలిచాను. శ్రావణమాసం, ఎట్లాగూ నీసు ముట్టం కదా అన్నాను. చుట్టాలకు తర్వాత పెట్టుకుందాం అన్నాను. ఒడిబియ్యం ఎక్కడ పోసినా పడేది ఒడిలోనే కదా అన్నాను. గెలవడమన్నది నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

అక్కడి మేనేజరు ఫోనులో నసిగాడు. పాల వస్తువేదీ గేటు దాటనివ్వరట, నియమం పాటించేవాళ్లకే గది ఇస్తారట. దొరికిన ఊయల చేజారిపోతుందేమోనని ఆయనకు గట్టిగా భరోసా ఇచ్చాను. ఆ భరోసా ఏమిటో మీకిప్పుడే చెప్పను. ఆయనే చెబుతాడు.

తమ్ముడు పోయి పిలిస్తే, సముద్రమనగానే వదినె బయలుదేరింది. రైల్లో ఆమె ఒళ్లో ఒక స్టీలు డబ్బా ఉంది. పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. సముద్రం ఎన్నడూ చూడలేదట, దారి పొడుగునా అదే సంబరం. విజయవాడ దాటేసరికి నన్ను 'పిల్లా' అని పిలిచింది కూడా. మా ఆయన నా వైపు చూసిన చూపులో, పెళ్లయ్యాక మొదటిసారి, మెచ్చుకోలు కనబడింది.

దిగేసరికి కుండపోత. సముద్రం మురికి చాయ్ రంగులో ఉంది. వలఊయల నిండా వాననీళ్లు. మేనేజరు గొడుగు పట్టుకుని మర్యాదగా ఎదురొచ్చి, డబ్బాలో ఏముందని అడిగాడు.

"జున్ను నాయినా. మొన్ననే మా బర్రె ఈనింది. గిదంటే మా తమ్మునికి పానం."

"క్షమించాలండి. పాలతో చేసింది లోపలికి రానివ్వమండి."

"పాలేమన్న సారానా, గేటు కాడ పట్టుకోనీకె?"

"ఇదంతా మీ కోసమేనండీ. మా ఆడబిడ్డకు పాల వాసన పడదు, గ్లాసు కనబడితేనే కడుపులో తిప్పుతుంది అని మేడంగారే ఫోన్లో చెప్పారండి."

వదినె మెల్లగా నా వైపు తిరిగింది. పొడిచే ముందు బర్రె తల ఎట్లా వంచుతుందో ఆ రోజు దగ్గరనుంచి చూశాను.

"ఎవలకు పడది? నాకా?"

అది మాటవరసకు అన్నదేనని, గది కోసం ఎవరైనా అట్లాగే అంటారని ఏదో మొదలుపెట్టాను. ఆమె విననేలేదు.

"పాలమ్మి నీ మొగని సదివిచ్చిన. గా పాలు నాకు పడయంటివా?"

డిగ్రీ పుచ్చుకున్నదాన్ని, చెంగుతో ఆ డబ్బా మీది వాననీళ్లు తుడవబోయాను. మా ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు, దూకడానికి లోతైన చోటు వెతుక్కుంటున్నట్టు.

వదినె ముందు పనికిరాని నోటిని మేనేజరు మీద పారేసుకున్నాను. ఆయన తొణకలేదు. గేటు బయట తింటే తనకేమీ అభ్యంతరం లేదని గొడుగు మాత్రం మాకిచ్చి పోయాడు. తడి ఇసుకలో ముగ్గురం ఒకే గొడుగు కింద కూలబడ్డాం. వదినె తమ్ముడికి చేత్తో తినిపించింది. చివరికి ఒక ముక్క నా వైపు చాచి, "తిను. నీకన్న పడ్తదా?" అంది. ఇసుకతో సహా మింగాను.

రాత్రి భోజనంలో కొబ్బరిపాల పెరుగు పెట్టారు. వదినె వేలితో తాకి, ఇది గోడకు వేసేదా, నోట్లో వేసుకునేదా అని అడిగి, ఉత్త అన్నం పచ్చడితో తిని లేచింది.

పొద్దున ముహూర్తం. పీట వేసి, బియ్యంలో పసుపు కలిపి పిలిచాను. వదినె గది చుట్టూ చూసింది. ఒడి నిండాక ఆడబిడ్డ పుట్టింటి గడప దగ్గర పిడికిళ్లతో బియ్యం వదిలి, దండం పెట్టి దాటాలి. మా కుటీరానికి ఉన్నది పక్కకు జరిగే అద్దాల తలుపు. కింద నున్నటి నేల.

"ఏదే నా తమ్ముని గడప?"

"గడపంటే ఒక భావన వదినె," అన్నాను. నిజంగానే అన్నాను. చదువు మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో చూశారా.

"భావన మీద బియ్యం పోస్తరా పిల్లా? నడువుండ్రి ఇంటికి."

ఆ పూటే తిరుగు రైలెక్కాం. ముహూర్తం పోయింది. అయ్యగారు పంచాంగం తిరగేసి, మళ్లీ మంచిరోజు వచ్చేది నెలాఖరుకే అన్నాడు. వదినె ఇక ఊరికి పోయి తిరిగి రాదేమోనని మా ఆయన ముఖం పాలిపోయింది. ఆమె మాత్రం చెప్పులు మా ఇంట్లోనే విడిచింది. బర్రెలను కొడుకు చూసుకుంటాడట. సముద్రం తిప్పలకు ఆమె పానం అలసిపోయిందట.

నెలాఖరుదాకా వదినె మంచం మీద విశ్రాంతి. నేను పొయ్యి దగ్గర. పొద్దున చిక్కటి పాల చాయ్, మధ్యాహ్నం గడ్డపెరుగు, రాత్రి నెయ్యి వేసిన పప్పు. పలకరించడానికి వచ్చిపోయే చుట్టాలకు అదనంగా వంటలు. ఆఖరుకు మంచిరోజు వచ్చింది, ఊరందరికీ వండాను, ఒడి నింపాను. వదినె గడప దగ్గర బియ్యం వదిలి, మా ఆయన తల నిమిరి, నా గడ్డం పట్టుకుంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నాకూ గుండె బరువెక్కింది. అప్పుడు అంది:

"ఏటేట గా సముద్రానికి పోదాం పిల్లా. పోయొస్తెనే కద, మీ ఇంట్ల ఇన్ని దినాలు నాకు ఆరామ్ దొరికింది."

అందుచేత, నా గడప మీద చెయ్యి వేసి, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక విశ్రాంతి జోలికి పోను. అంత ఓపిక నాకు లేదు.