మూరెడు వెనక

సత్తియ్య పడవ ఎక్కే ముందు తువ్వాలును కాలువలో ముంచి, పిండి, నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్కసారి మొహం తుడుచుకునేవాడు. నెమ్మదిగా, పలక తుడిచినట్టు. ఆ తరవాత ఆ మొహంలో ఏమీ మిగిలేది కాదు.

ఇంట్లో కూడా అంతే. అన్నం ముందు కూర్చునేటప్పుడు తుడుచుకునేవాడు. కూతురి సంబంధం మాట్లాడటానికి వెళ్ళినప్పుడూ తుడుచుకున్నాడు. ఆ సంబంధం అతనికి నచ్చిందో లేదో వియ్యాలవారికి పెళ్ళయిన ఏడాదికి గాని తెలియలేదు.

"ఇరవై ఏళ్ళుగా పులుసు పోస్తున్నాను. బావుందో లేదో ఒక్కనాడూ ఆ మొహంలో కనపడలేదు," అనేది అతని భార్య మరిడమ్మ. "గోడ ముందు పెట్టినా ఇంతే."

ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటిన రోజులవి. ధవళేశ్వరం నుంచి దిగివచ్చే కాలువకు ఎండాకాలంలో నీళ్ళు ఆపేవారు. మళ్ళీ వదిలిన ఎనిమిదో రోజున, పై లాకు నుంచి కింది లాకు దాకా పడవ పందెం జరిగేది. పందేనికి రెండే పడవలు. ఒకటి పల్లంరాజుగారిది. రెండోది పక్క ఊరి భూస్వామి వెంకన్నగారిది. తెడ్లు వేసేవాళ్ళు చేపలు పట్టుకునే మనుషులే అయినా, పందెం కోసం వాళ్ళకి ఏడాదికింతని ధాన్యం, మనిషికో పంచె ఉండేవి. పందేనికి ముందు నెలరోజులు వలలు ముట్టుకోకూడదు. రాజుగారింట పెరుగన్నం తిని, తెడ్డు వేయడమే పని.

పల్లంరాజుగారి పడవకు ఎనిమిది తెడ్లు. చుక్కాని సత్తియ్యది.

తెడ్లు వేసేవాళ్ళు పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్ళకి ముందున్న లాకు కనపడదు. ఎంత దూరం మిగిలిందో తెలియదు. పక్క పడవ వైపు మెడ తిప్పితే తెడ్డు తప్పుతుంది. వాళ్ళకి ఎదురుగా కనపడేది ఒక్కటే, చుక్కాని పట్టుకుని నిలబడిన మనిషి మొహం.

సత్తియ్య తండ్రి గోదావరి మీద రేవు పడవ నడిపేవాడు. "చుక్కాని పట్టినవాడి మొహంలో ఏటి లోతు కనపడకూడదు," అనేవాడు. కొడుక్కి ఆయన ఇచ్చిపోయినవి ఆ మాట, ఆ తువ్వాలు అలవాటు.

సత్తియ్య పడవ వరసగా రెండేళ్ళు ఓడిపోయింది.

మూడో ఏడు ఎండాకాలంలో, ఎండిన కాలువలో పడవను బోర్లించి, సందుల్లోంచి నీళ్ళు రాకుండా గుగ్గిలం పూస్తున్నారు. చిట్టియ్య మరిడమ్మ తమ్ముడు, మనిషి తాడిచెట్టంత, ముందు తెడ్డు అతనిదే. పక్కన బుల్లియ్య, పడవలో అందరికంటే పెద్దవాడు.

"కిందటేడు కాలువ వంపు దాకా బానే వచ్చాం," అన్నాడు సత్తియ్య పని చేసుకుంటూ. "వంపు దగ్గర నిలువెడు ముందున్నాం. తరవాతే పోయింది."

చిట్టియ్య చేతిలో కుంచె ఆగింది.

"ఏంటి బావా? ముందున్నామా?"

"ఉన్నాం."

"వంపు దగ్గరా?"

"నిలువెడు."

చిట్టియ్య అందరి వైపూ చూశాడు. "విన్నారా? ఏడాది తరవాత చెప్తున్నాడు! నీ మొహం చూసి ఇంక మునిగిపోయామనుకున్నాను కదా బావా. ఉన్న సత్తువంతా అక్కడే పెట్టేశాను. తరవాత చేతులు పట్టేసి ఉత్త తెడ్డు ఊపుకుంటూ వచ్చాను!"

"గట్టు మీద నుంచి రాజుగారు ముందున్నామని అరిచారుగా," అన్నాడు సత్తియ్య.

"ఆయన వెనకున్నా అలాగే అరుస్తారు. మొదటేడూ అలాగే అరిచారు, ఓడిపోయాం. ఆయన మాట ఎవరు నమ్ముతారు?"

బుల్లియ్య గుగ్గిలం అంటిన వేలు మట్టికి రాసి అన్నాడు: "సత్తియ్యా, నీది మొహం తలుపేసినట్టుంటుంది. తలుపేసిన ఇంట్లో ఏముందనుకుంటారు ఎవరైనా? శవముందనుకుంటారు."

అందరూ నవ్వారు. సత్తియ్య నవ్వలేదు. అలవాటు లేక.

ఆ వారమే పల్లంరాజుగారు గుర్రం మీద వచ్చి గట్టు మీద ఆగారు.

"ఏరా సత్తియ్యా! రెండేళ్ళయింది. వెంకన్న మీసం రోజురోజుకీ పెరుగుతోంది, చూడలేకపోతున్నాను. ఈసారి ఓడావంటే చుక్కాని ఇంకొకడికిస్తాను. తెలిసిందా?"

"చిత్తమండి."

అతని తండ్రి తరవాత అతను పట్టుకున్నది ఆ చుక్కాని ఒక్కటే. వల అందరూ వేస్తారు. చుక్కాని పట్టుకున్నవాడిని మాత్రం ఊళ్ళో పేరు పెట్టి పిలవడానికి ఒక క్షణం ఆగుతారు. సత్తియ్యకు ఆ క్షణం ఇష్టం. ఎవరికీ చెప్పలేదు.

"అయ్యా, ఒక మనవండి," అన్నాడు. "పందెం నాడు తమరు కింది లాకు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటే, మావాళ్ళు తమర్ని చేరుకోవాలని ఇంకా గట్టిగా వేస్తారండి."

"భలేవాడివే! గట్టు మీద నేను అరవకపోతే వీళ్ళకి ఊపెలా వస్తుందిరా?"

"అదీ నిజమేనండి," అన్నాడు సత్తియ్య.

ఇంటికి వచ్చి అద్దం లేక, నీళ్ళ తొట్టిలోకి వంగి నవ్వడం నేర్చుకోబోయాడు. పందెంలో నవ్వుతూ నిలబడితే వాళ్ళకి ధైర్యంగా ఉంటుందేమో. మరిడమ్మ వచ్చి చూసి, "పన్ను నొప్పా? లవంగం పెట్టనా?" అంది.

అతను విషయం చెప్పాడు. తండ్రి మాటా చెప్పాడు.

మరిడమ్మ చాటలో బియ్యం చెరుగుతూ విన్నది. "మీ నాన్న పడవలో ఎవరు కూర్చునేవారయ్యా?"

"సంతకి పోయేవాళ్ళు."

"వాళ్ళు చెయ్యగలిగింది ఏముంది? కూర్చోవడమే. భయపడితే లేచి నిలబడతారు, పడవ తిరగబడుద్ది. వాళ్ళకి చెప్పకపోవడం మంచిదే. నీ పడవలోవాళ్ళ చేతుల్లో తెడ్లున్నాయి కదా!"

సత్తియ్య తొట్టిలోని తన నీడను చేత్తో చెరిపేశాడు.

కాలువకు ఎర్రనీళ్ళు వచ్చాయి. ఎనిమిదో రోజు పొద్దున్న రెండు పడవలూ పై లాకు కింద నిలబడ్డాయి. అవతలి పడవ చుక్కాని గంగయ్య మొదటి తెడ్డు పడక ముందే కేకలు మొదలుపెట్టాడు. సత్తియ్య తువ్వాలు ముంచి, పిండి, మొహం తుడుచుకున్నాడు. చిట్టియ్య అది చూసి నిట్టూర్చాడు.

లాకు మీద గుడ్డ ఊపారు.

సత్తియ్య మడమతో చెక్క మీద దెబ్బ వేస్తూ లయ ఇచ్చాడు. వెంకన్నగారి పడవ మొదటి నుంచీ ముందుకు జరిగింది. గట్టు మీద పల్లంరాజుగారి గుర్రం పరుగెత్తుతోంది. "ముందున్నాం రా! ముందున్నాం! తలకో వెండి కడియం!"

చిట్టియ్య కళ్ళు సత్తియ్య మొహం మీదకు వచ్చాయి. ఆ చూపు సత్తియ్యకు తెలుసు. కిందటేడూ చూశాడు. ఇంకో పది తెడ్లలో అతను ఉన్నదంతా పెట్టేస్తాడు.

"నిలువెడు వెనక," అన్నాడు సత్తియ్య.

ఒక తెడ్డు ఆలస్యంగా పడింది. చెప్పకూడనిది చెప్పేశాను, అనుకున్నాడు సత్తియ్య.

"అంతేనా?" అన్నాడు బుల్లియ్య ఊపిరి మధ్యలో. "ఇంకా మన ఊళ్ళోనే ఉన్నామనుకున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. తెడ్లు కలిశాయి.

"ఇంకా చాలా ఉంది," అన్నాడు సత్తియ్య. "దాచుకోండి. లాకు ముందు ఇటుకబట్టీ వచ్చాక చెప్తాను."

వంపు తిరిగారు.

"రెండు మూరలు వెనక."

"అబద్ధంరా! ముందున్నాం!" అని గట్టు మీద నుంచి రాజుగారు. అటు ఎవరూ చూడలేదు.

"మూరెడు వెనక."

"ఎవరి మూర బావా?" అన్నాడు చిట్టియ్య.

"నీది."

"అయితే దూరమే!"

అప్పటికి అవతల గంగయ్య గొంతు పోయింది. నోరు ఆడుతోంది, మాట రావడం లేదు. గట్టు మీద పల్లంరాజుగారి గుర్రం కూడా విసిగిపోయి, పరుగు మాని, కొత్తగా మొలిచిన గడ్డికి తల వంచింది. ఆయన డొక్కలో తన్నారు. అది గడ్డి నమిలింది. పడవలు ఆయన్ని దాటిపోయాయి. కాలువ మీద కేకలు ఆగిపోయాయి. మిగిలినవి సత్తియ్య మడమ చప్పుడు, ఎనిమిది తెడ్ల నీళ్ళ చప్పుడు.

ఇటుకబట్టీ వచ్చింది.

"ఇప్పుడు," అన్నాడు. అంతకంటే గట్టిగా అనలేదు.

చిట్టియ్య తెడ్డు వంగింది.

"జానెడు వెనక." తరవాత, "సమానం."

ఇంకొక మాట మిగిలింది. అది చెప్పడానికే అతనికి ఎక్కువ భయమేసింది. వెనకబడ్డామంటే మనిషి లాగుతాడు. ముందున్నామంటే చెయ్యి సడలిస్తాడేమో. సగం చెప్పి సగం దాచుకోవచ్చు. ఎదురుగా ఎనిమిది మొహాలు, చెమటతో, అతని నోటి వైపు చూస్తున్నాయి.

"బెత్తెడు ముందు."

చిట్టియ్య మొహం విప్పారింది. ఎవరూ చెయ్యి సడలించలేదు. బెత్తెడంటే నాలుగు వేళ్ళు. అంత కష్టపడి సంపాదించిన నాలుగు వేళ్ళు వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

కింది లాకు దగ్గర గుడ్డ పడింది.

"ఎంత?" అన్నాడు చిట్టియ్య, తెడ్డు మీదకు ఒరిగి.

"మూరెడు."

"నాదేనా?"

"కాదు, బుల్లియ్యది."

"నాది పొట్టి మూరరా," అన్నాడు బుల్లియ్య కళ్ళు మూసుకుని. "అయినా సరిపోయింది."

చాలాసేపటికి పల్లంరాజుగారు గుర్రాన్ని కళ్ళెం పట్టి నడిపించుకుంటూ వచ్చారు. చెప్పులకు బురద. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"చూశావా సత్తియ్యా? నేను అరవకపోతే ఏమయ్యేది?"

ఎనిమిది మందీ ఒక్కసారి నీళ్ళ వైపు తిరిగారు. వాళ్ళ వీపులు కదులుతున్నాయి. సత్తియ్య పెదవి చివర కూడా ఏదో కదలబోయింది. అతను వంగి తువ్వాలు ముంచి, పిండి, నుదుటి నుంచి గడ్డం దాకా తుడుచుకున్నాడు. తండ్రి నేర్పిన విద్య ఎక్కడికీ పోలేదు.

"అవునండి," అన్నాడు.

"చుక్కాని నీదేరా. ఎవడికీ ఇవ్వను."

"తమ దయండి."

మర్నాడు పొద్దున్న సత్తియ్య తువ్వాలు దండెం మీదే వదిలేసి చద్దన్నం ముందు కూర్చున్నాడు. మరిడమ్మ రాత్రి మిగిలిన చేపల పులుసు పోసింది. అతను ఒక ముద్ద తిన్నాడు.

"ఉప్పు చిటికెడు ఎక్కువ," అన్నాడు.

మరిడమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. "ఇవాళేనా, ఇరవై ఏళ్ళుగానా?"

సత్తియ్య ఆలోచించాడు.

"ఇరవై ఏళ్ళుగా," అన్నాడు. కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.