రోస్విత చేతికందేంత లోతు

బొకుమ్ నగరపు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే అరల పైవరుస ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోస్వితకు అందలేదు. ఒక పీట చంకన పెట్టుకుని తిరిగేది. ఎత్తున్నవాళ్ళు లోకాన్ని తమ కొలతకే కట్టుకుంటారు. తక్కినవాళ్ళకు పీట చూపిస్తారు. ఆ పీట కూడా ఆమె తన డబ్బుతోనే కొనుక్కుంది.

ఇంట్లోనూ అదే కథ. ముందుగదిలో గోడకు ఆనించిన ఉప్పునీటి తొట్టి భర్త ఎగోన్ ఎంపిక. లోతైన, ఎత్తైన గాజుతొట్టి. అందులో బతికున్న పగడాలను పెంచింది మాత్రం రోస్విత. ఉప్పు కలిపేదీ, గాజు తుడిచేదీ ఆమే. అడుగున ఏదైనా పడితే మటుకు, "ఎగోన్, ఒకసారి చెయ్యి పెట్టవూ" అని బతిమాలాలి. టీవీలో ఆట అయిపోయాక అతను లేచేవాడు.

కిందటి చలికాలం భుజానికి ఆపరేషన్ చేయించుకుని ఎగోన్ ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పుడే, బొటనవేలంత ముక్క నుంచి ఆమె ఏళ్ళ తరబడి పెంచిన పగడం రాతి మీంచి జారి వెనక మూలలో బోర్లా పడింది. పీట వేసింది. పీట మీద పీట వేసింది. పొడుగాటి పట్టకారుతో లాగితే కొమ్మలు విరిగాయి. కళ్ళముందే అది కుళ్ళిపోయింది. విరిగిన కొమ్మల్లో ఒక్కటి బతికింది.

ఈలోగా తొట్టి అతుకు చెమ్మగిల్లడం మొదలైంది. కొత్తది చేయించక తప్పదు. ఆ కొమ్మను ఇంకొకరి చేతిని నమ్ముకుని పెంచకూడదని రోస్విత గట్టిగా అనుకుంది.

ఆదివారం కాఫీకి అక్వేరియం సంఘం అధ్యక్షుడు ఫోల్కర్ వచ్చాడు. ఆరడుగుల మనిషి.

"ఎనభై సెంటీమీటర్ల ఎత్తుండాలి. అప్పుడే సముద్రంలా కనిపిస్తుంది," అన్నాడు ఎగోన్.

"పొడుగు రెండు మీటర్లు. ఎత్తు యాభై అయిదు," అంది రోస్విత.

ఫోల్కర్ కప్పు దించాడు. "అంత పొడుగుకి ఇంతేనా ఎత్తు? రొట్టెలు కాల్చే పళ్ళెంలా ఉంటుంది రోస్వితా."

"ఉన్న తొట్టికే పీట మీద పీట. ఈవిడకి ఇంకా పెద్దది కావాలట!" ఎగోన్ నవ్వాడు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట."

"ఎగరను. ఉట్టినే నాకందేంత కిందికి కట్టుకుంటా."

ఆమె లోపలికెళ్ళి పెద్ద అట్టపెట్టె ఈడ్చుకొచ్చింది. ఫ్రిజ్ పెట్టెలు రెండు కోసి, రెండు మీటర్ల పొడుగున ముందే అతికించి పెట్టింది. ఎత్తు ఎగోన్ చెప్పినంతే. వెడల్పు డెబ్భై. దాన్ని ఒక పొట్టి బల్ల మీద గోడకు ఆనించి, వెనక మూలలో ఒక బంగాళదుంప వేసింది.

"తియ్యండి. అట్ట వంగిందో, గాజు పగిలినట్టే."

ఎగోన్ చెయ్యి భుజం దాటి లేవనే లేదు. ఫోల్కర్ చొక్కా చేతులు మడిచి వంగాడు. అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంది. దుంప ఇంకా జానెడు దూరంలో ఉంది.

"మామూలుగా వెనక్కి ఎవరు చెయ్యి పెడతారులే," అన్నాడు ఒగురుస్తూ.

"ఆ సంగతి పగడాలకి చెప్పు, ముందువైపే పడమను."

ఆమె కత్తి తెచ్చి పెట్టెను యాభై అయిదుకు కోసేసింది. తనూ వంగింది. వేళ్ళు అడుగుకు తగిలాయి గానీ దుంప అందలేదు.

ఎగోన్ తొడ చరుచుకున్నాడు. "అయ్యిందా పరీక్ష?"

రోస్విత గోడ వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఎత్తుతో పోట్లాడింది. అడ్డుపడుతున్నది గోడ. బల్లతో సహా పెట్టెను గోడ నుంచి లాగి, గది మధ్యకు అడ్డంగా తిప్పి, చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్ళింది. వంగీ వంగకముందే దుంప చేతిలోకొచ్చింది. నడుమ భాగం వరకు ఇటు నుంచి, మిగతాది అటు నుంచి. ఇక చాలు.

కాకపోతే పెట్టె ఒక చివర ఎగోన్ సోఫాకు గుద్దుకుని ఆగింది.

"సోఫా జరగాలి," అంది.

"ముందు తొట్టి ఎత్తు కోశావు, ఇప్పుడు సోఫా, ఆ తర్వాత నన్ను బయటికి పంపుతావు. ఆ చోట్లో ఎన్నేళ్ళ నుంచి కూర్చుంటున్నానో తెలుసా?"

"తెలుసు. నేను నిలబడే ఉన్నానుగా."

ఫోల్కర్ కాఫీలోకి చూశాడు. ఎగోన్ లేచి, బాగున్న చేత్తో సోఫా ఒక కొస పట్టుకున్నాడు. "ఫోల్కర్, చూస్తావేం, పట్టు."

తొట్టి ఆ కొలతలతోనే వచ్చింది. కింది బల్లను కూడా ఆమె పొట్టిగా చేయించింది, అంచు తన చంక దాటకుండా. సోఫాలో కూర్చుంటే చేపలు ఎగోన్ కళ్ళకు సూటిగా ఈదుతాయి. అది అతను ఎవరితోనూ ఒప్పుకోడు.

వసంతంలో ఒక సాయంత్రం తొట్టిలోని నత్త తోసేస్తే ఆ కొమ్మ రాతి వెనక్కి దొర్లింది. ఎగోన్ కాళ్ళ కింది పీట తన్నుకుంటూ సగం లేచాడు.

"తియ్యనా?"

"కూర్చో ఎగోన్. నీ ఆట పోతుంది."

ఆమె చొక్కా చెయ్యి భుజం దాకా మడుచుకుని, తొట్టి చుట్టూ నడిచి అవతలి పక్కకు వెళ్ళింది.