పొట్టివాళ్ళ పక్షాన మూడు రౌండ్లు

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. నలభై ఆరేళ్ళ వయసులో, అరవై నాలుగు కిలోల ఒంటితో, నూట ఎనిమిది కిలోల మనిషి ఎదురుగా బాక్సింగ్ బరిలో దిగడానికి ఆ కోపమే కారణమని నా భార్య ఇప్పటికీ అంటుంది. కాదు. కారణం మా కాక.

కాక నాకు చుట్టం కాదు. సెంటినరీ కాలనీలో మా క్లబ్బు వెనక రేకుల షెడ్డులో నాకు బాక్సింగ్ నేర్పిన మనిషి. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు ఎత్తిపోసిన కాలంలో బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. భూమి లోపలి గనిని మా దగ్గర బాయి అంటారు, నా పనీ అందులోనే. నాకంటే నాలుగు వేళ్ళు పొట్టి. రోజూ సాయంత్రం ఐదింటికి తన మడత కుర్చీ తానే మోసుకొచ్చి, బరి పక్కన వేసుకుని, మా కాళ్ళ వంక చూస్తూ కూర్చునేవాడు. బరువుల లెక్క గట్టిగా పట్టించుకోని రోజుల్లో, కార్మికుల ఆటల పోటీల్లో తనకంటే జానెడు ఎత్తున్నవాణ్ణి పడగొట్టానని చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ కథలో ఒక్క దెబ్బ పెరిగేది కాదు, తగ్గేది కాదు. అందుకే నేను నమ్మాను.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం గొడవ మొదలైంది. పైన ఎండలో తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపే కుర్రాడు ఒకడు కొత్తగా షెడ్డుకు వస్తున్నాడు. ఆరడుగుల మూడంగుళాలు, తలుపులో వంగితే తప్ప పట్టడు. ఫోన్‌లో ఇప్పటి హెవీవెయిట్ల వీడియో పెట్టి కాక ముందు పట్టుకున్నాడు.

"చూడు కాకా, గీయన ఆరడుగుల తొమ్మిదంగుళాలు. నువ్వు చెప్పే పాత ఛాంపియన్లు శానా మంది తొంభై కిలోలు గూడ లేకుండిరి. గిట్లాంటోని ముంగట ఒక్క రౌండన్న ఆగుతరా?"

"ఆగుతరు. కొడుతరు గూడ," అన్నాడు కాక. "నేను కొట్టిన."

"నువ్వు కొట్టినవా? అయితే నా మొఖం చూసి చెప్పు. ఎప్పుడు చూసినా నేల చూపులే చూస్తవు. అబద్ధమాడెటోళ్ళే గట్ల చూస్తరు."

కాక తల ఎత్తలేదు. కుర్రాడి కాళ్ళ వంకే చూస్తూ లేచి కుర్చీ మడిచాడు. పోతూ పోతూ నాతో అన్నాడు, "నా ముచ్చట్లన్నీ అబద్ధాలైనంక నేనీడ ఎందుకురా? రేపటి సంది రాను."

నిజంగానే రాలేదు. నాలుగో రోజు వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. కాక భార్య, మా అందరికీ అవ్వ, నన్ను పక్కకు పిలిచి చెప్పింది, "ఐదు గొట్టంగనే లేస్తడు బిడ్డా. చెప్పులు తొడుగుతడు. మళ్ళ ఇడిచి కూసుంటడు." ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. నేరుగా షెడ్డుకు పోయి కుర్రాడి ముందు నిలబడ్డాను.

"నాతోని మూడు రౌండ్లు ఆడు. నేను పడిపోతే నీ మాటే నిజం. కాళ్ళ మీద నిలవడ్డననుకో, కాకను రమ్మని నువ్వే అడగాలె."

"అన్నా, నీకేమన్న అయితే వదిన నన్ను బతకనియ్యది," అని నవ్వాడు. నేను నవ్వలేదు. పదిహేను రోజులకు ఒప్పందం కుదిరింది.

ఆ పదిహేను రోజులూ మొదటి షిఫ్టు దిగాక బాయిలోని ఏటవాలు దారంతా నడిచే పైకి వచ్చాను. సాయంత్రాలు సంచిని గుద్దాను. "మిగిలిన పండ్లు గూడ రాలగొట్టుకొని రా, గంజి కాసి పెడుత," అంది నా భార్య. అంటూనే గుడ్లు ఉడకబెట్టి పెట్టేది. అన్నిటికంటే కష్టం కాకను షెడ్డుకు తేవడమే అయింది. "నేను పడితే లేపనీకన్న రా కాకా," అని బతిమాలాను. వచ్చాడు. కుర్చీ మాత్రం తేలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మొదటి రౌండు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కుర్రాడు మీదికి వచ్చి ముఖంలో ముఖం పెట్టిన ప్రతిసారీ నా తల దానంతట అదే పక్కకు తిరిగిపోయింది. తిరిగిన చెవి మీద దెబ్బ పడింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ పడింది. చెవిలో జోరీగలు మోగుతుంటే గోడ దగ్గర్నుంచి కాక కేక వినిపించింది.

"మొఖం తిప్పకురా! నీ నెత్తి మీద లైటు లేదు!"

అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఇరవై రెండేళ్ళ అలవాటు అది. బాయిలో ప్రతివాడి టోపీకీ లైటు ఉంటుంది. ఎదుటివాడి ముఖంలోకి సూటిగా చూస్తే ఆ వెలుతురు అతని కళ్ళలో పడి, కాలు ఎక్కడ వేస్తున్నాడో కనపడకుండా పోతుంది. అందుకే మేం ఎవరి ముఖమూ చూడం. ఛాతీనో కాళ్ళనో చూస్తూ మాట్లాడుకుంటాం. బయట ఎండలో పనిచేసేవాళ్ళకు ఇది తెలియదు. కాక రిటైరై ఎన్నేళ్ళయినా ఆ మర్యాద వదల్లేదు. నేనేమో అదే మర్యాదతో చెవులు వాయగొట్టించుకుంటున్నాను.

విరామంలో కాక నా దగ్గరికి వచ్చి నీళ్ళు పట్టాడు. "ఎట్లాగూ మొఖం చూడలేవు, చూడకు. బాయిల చూసినట్టే కాళ్ళు చూడు. పెద్దోడు కొట్టేటప్పుడు ముందుగాల నేలకు చెప్పి కొడుతడు."

రెండో రౌండులో ఆయన చెప్పినట్టే కనిపించింది. కుడిచేయి విసరబోయే ముందు కుర్రాడి వెనక మడమ లేస్తోంది. అది లేవగానే నేను కిందికి వంగి లోపలికి దూరాను. బాయిలో కప్పు తక్కువున్న చోట సగం వంగి నడిచే నడుము నాది, వంగడం నాకు కొత్త కాదు. పక్కటెముకల మీద రెండు కొట్టి బయటికి వచ్చాను. అందరికంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. మూడో రౌండుకు కుర్రాడి ఊపిరి నాకు వినిపించసాగింది. ఆఖరి నిమిషంలో మాత్రం వాడి ఎడమచేయి తగిలి నా మోకాళ్ళు మడతపడబోయాయి. ఐదింటికి చెప్పులు తొడిగి మళ్ళీ విప్పుకునే కాక కళ్ళ ముందు మెదిలాడు. పడను గాక పడను అనుకున్నాను. గంట కొట్టేసరికి నిలబడే ఉన్నాను.

పాయింట్ల మీద నేనే ఓడిపోయాను. అబద్ధం చెప్పను, బాగానే ఓడిపోయాను. పాతకాలం పొట్టివాళ్ళు ఇప్పటి కొండలను కొట్టగలరా అని అడిగితే, అన్నిసార్లూ కొట్టలేరని ఇప్పుడు నేనే అంటాను. కానీ ఆ కొండ కాళ్ళు చదివే ఓపిక, మూడు రౌండ్లు దాటి నిలిచే దమ్ము ఉన్నవాడు ఏదో ఒకరోజు కొట్టి తీరుతాడు. కాక కొట్టాడు. ఈ మాట మీద ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను.

కుర్రాడు గ్లవ్స్ విప్పుకుంటూ అడిగాడు, "అన్నా, నా గుద్దు నీకు ముందే ఎట్ల ఎరుకైంది?"

మడమ సంగతి చెప్పాను. లైటు సంగతి కూడా చెప్పాను. వాడు గ్లవ్స్ పక్కన పడేసి కాక దగ్గరికి నడిచి, అంత మనిషీ తల దించుకుని, ఆయన చొక్కా గుండీల వంక చూస్తూ అన్నాడు, "తప్పయింది కాకా. రేపటి సంది రా. నాకు గూడ కాళ్ళు చూసుడు నేర్పు."

కాక మెల్లగా మెడ ఎత్తాడు. అంత పైకి చూడాల్సి వచ్చినందుకు కళ్ళు చికిలించాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒకరి ముఖంలోకి సూటిగా చూడటం నేను చూసింది అప్పుడే.

"ఐదింటికి వస్త," అన్నాడు. "నా కుర్చీ నువ్వే మోసుకురావాలె."