సందు మొగదల రాయి

సావిత్రమ్మ పొద్దున లేవగానే పొయ్యి ముట్టించదు. గిన్నెలో సబ్బు నురగ చేసి, సిలిండరు నుంచి పొయ్యి దాకా రబ్బరు పైపుకంతా పూస్తుంది. ఎక్కడన్నా బుడగ లేస్తుందేమోనని వంగి చూస్తుంది. లేవకపోతేనే అగ్గిపుల్ల గీస్తుంది. అంతకు ముందే వెనక తలుపు బార్లా తీసి, దానికి అడ్డంగా చేట కూడా లేకుండా చూసుకుంటుంది.

"రొట్టెలు కాల్చేదానికన్నా సబ్బు పూసేది ఎక్కువయింది నీకు," అని మంచంలోంచి అత్త సుంకమ్మ ఎత్తిపొడుస్తుంది. రెండు కాళ్లూ పడిపోయిన మనిషి. సావిత్రమ్మ నవ్వదు. ఆ మంచం ఆ ఇంట్లో రెండోది. మొదటిది కాలిపోయింది.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల వెనక ఉంది ఆ సందు. భర్త పోయినప్పటి నుంచి జొన్నరొట్టెలే సావిత్రమ్మకు ఆధారం. హోటళ్లకు చేసి ఇస్తుంది. పోయిన ఎండాకాలంలో ఎలక కొరికిన గ్యాసు పైపు అంటుకుంది. సిలిండరు కట్టేయాలంటే ఆ మంటలోనే చేయి పెట్టాలి. ఆమె అత్త దగ్గరికి పరిగెత్తింది. ముసలామెను బొంత మీదికి దొర్లించి, బొంత కొస పట్టుకుని, మోచేతులు నేలకు రాసుకుపోతున్నా బయటికి ఈడ్చుకొచ్చింది. ఎవరో ఫోను చేశారు.

ఫైరింజను ఆలస్యం చేయలేదు. మంట వంటిల్లు దాటకముందే సందు మొగదలకు వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది. అక్కడ దారికి నడిమధ్యన నడుమెత్తు రాయి పాతి ఉంది. ఆటో పడుతుంది, ఫైరింజను పట్టదు. సిబ్బంది పైపుకు పైపు తగిలించి లాక్కుంటూ వచ్చేసరికి ముందు గది కట్టెల మిద్దె అంటుకుంది. దూలాలు విరిగి జొన్నల మూటల మీద, అత్త మంచం మీద పడ్డాయి.

ఆ రాయిని పాతించింది రామయ్య సారు. రిటైరయి, సందు మొదట్లో ఇల్లు కట్టుకున్నాడు. ఇసుక ట్రాక్టర్లు కాలవ బండలు పగలగొడుతున్నాయని అందరికీ చెప్పాడు. ఆయన కొత్త కారుకు ట్రాక్టరు గీరుకుపోయిందన్న సంగతి మాత్రం చెప్పలేదు. శిల్పి మల్లికార్జునాచారి షెడ్డు బయట పారేసిన రాయిని అడిగి తెచ్చి నాటించాడు. ఇల్లు కాలకముందు వచ్చిన దసరాకు కారుకు పూజ చేసి, గుమ్మడికాయను ఆ రాయి మీద పగలగొట్టాడు. మిగిలిన పసుపు, కుంకుమ దానికే పూశాడు. మరుసటి వారం ఎవరో దీపం పెట్టారు. ఆపైన ఎర్రగుడ్డ చుట్టారు. సంక్రాంతి నాటికి అది అమ్మవారు.

ఇల్లు కాలినాక సావిత్రమ్మ అందరినీ అడిగింది. రాయి తీయమంది. ఇంకోసారి అంటుకుంటే అత్తను ఈడ్చే బలం తనకుంటుందో లేదో తెలియదంది. అందరూ అయ్యో అన్నారు. రాయి మీద ఎవరూ చేయి వేయలేదు. ఒక శుక్రవారం దీపాల దగ్గర జనం ఉన్నప్పుడు మళ్లీ కదిపింది.

"ఏం మాట్లాడతాండావో తెలుస్తాందా సావిత్రమ్మా?" అన్నాడు రామయ్య. "అమ్మవారిని పెరకమంటాండావ్."

"యా అమ్మవారు సారూ? పేరేంది?"

రామయ్య పక్కకు చూశాడు. పక్కింటామె అందుకుంది. "సందుకు కాపలా ఉండే తల్లి."

"బాగా కాసిందిలే. నా ఇల్లు కాలతాంటే ఫైరింజన్ను లోపలికి రానీకుండా కాసింది."

"ఆ తల్లి దయుండబట్టే గదమ్మా, మీ అత్తా నువ్వూ బతికి బయటపడింది!"

సావిత్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు మోచేతులూ వాళ్ల ముఖాల ముందు పెట్టింది. తోలు ఊడి, తెల్లగా మచ్చలు కట్టిన మోచేతులు. "ఈడ్చింది నేను. దయ ఇవి. దానికి కుంకుమ పెట్టుకుంటారా, వీటికి పెడతారా?"

 అటు పోతున్న మల్లికార్జునాచారిని నిలబెట్టి, "చెప్పు ఆచారన్నా, ఏందిది?" అంది.

"పీఠం. ఎవరో నాయకుని బొమ్మకని చెక్కితే పగిలింది. పారేసినా."

"చెక్కేటప్పుడు అన్నీ రాళ్లే, మొక్కినాకే దేవుళ్లు," అన్నాడు రామయ్య. "నువ్వు చేసే విగ్రహాలు మాత్రం ఏందప్పా?"

 జనం రామయ్య వైపు తిరిగారు. సావిత్రమ్మ ఆ ముఖాలన్నీ చూసింది. గొంతు తగ్గించింది.

"సరే. అమ్మవారే అనుకుందాం. మరి తల్లిని నడిరోడ్డున ఎండకూ వానకూ కుక్కలకూ ఒదిలి, మీరు ఫ్యాన్ల కింద పండుకుంటారా? సిగ్గు లేదా? గుడి కడదాం."

ఆ మాట అందరికీ నచ్చింది. గుడి వద్దనే ధైర్యం ఎవరికుంది?

"తెచ్చింది రామయ్య సారు. ఆయన వాకిట్లో బోలెడు జాగా ఉంది."

"ఆడ కారు పెడతాం గదా!" అని రామయ్య గబుక్కున అన్నాడు. కొందరు కిసుక్కుమన్నారు. ఆయన సర్దుకున్నాడు. "నీ ముందు గది కాలి ఖాళీగా పడుంది గదమ్మా. ఆడ పెట్టుకో."

కాలింది ఆమె ఇల్లు. జాగా ఇయ్యాల్సిందీ ఆమే. పళ్లు కొరుక్కుని, "తీసుకురాండి," అంది.

ఆదివారం డప్పులు కొట్టి, ఆచారి మనుషుల చేత గడ్డపారలతో రాయిని పెరికించి, కాలిన గది మూలన నిలబెట్టారు. అందరికన్నా గట్టిగా గోవిందా కొట్టింది రామయ్యే.

తెల్లారి సావిత్రమ్మ రొట్టెల గంప ఎత్తుకుని సందు మొగదలకు వచ్చేసరికి, రాయి తీసిన గుంత మీద రామయ్య కారు అడ్డంగా నిలిపి ఉంది. అక్కడ వేపచెట్టు నీడ బాగుంటుంది.

ఆమె అరవలేదు. గంప దించి, ఇంటికి పోయి పసుపూ కుంకుమా తెచ్చింది. కారు ముందు రేకు నిండా పసుపు పూసి, నడుమ పెద్ద బొట్టు పెట్టింది. కర్పూరం మాత్రం ముట్టించలేదు. కార్ల పక్కన నిప్పు పెట్టకూడదని ఆమెకు తెలుసు.

రామయ్య లుంగీతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏందీ పని? రంగు పోతుంది!"

"అదేంది సారూ, నడిరోడ్డున కదలకుండా నిలబడినాక ఇది గూడా అమ్మవారే గదా. ఇంగ తీయగూడదు. శుక్రవారం శుక్రవారం వచ్చి నేనే పూస్తా. గుమ్మడికాయ గూడా దీని మీదనే కొడతా."

ఈసారి సందంతా నవ్వింది. పక్కింటామె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కారు గబగబా వాకిట్లోకి పోయింది.

హోటళ్లకు రొట్టెలు ఇచ్చి వచ్చి సావిత్రమ్మ ఫైర్ స్టేషనుకు నడిచింది. బండిని ఒకసారి తమ సందులోకి తెచ్చి చూడమని అడిగింది. ఆ వారంలోనే వచ్చారు. బండికి ముందు నిలబడి, "రానీ, రానీ," అని చేయి ఊపినవాడు రామయ్య సారు. సావిత్రమ్మ ఆయన్ని చూడలేదు, చక్రాలనే చూసింది. బండి ఆమె గడప దాకా వచ్చి ఆగింది. రెండు పక్కలా మూరెడేసి ఖాళీ మిగిలింది.